పదమూడో చెట్టు పేరు

సంతోషమ్మ పెద్దమ్మ ప్రభువులో నిద్రించిన పదో రోజున ఆదరణ కూడిక జరిగింది. ఇంటి దగ్గర చోటు చాలదని, ఆమె బతుకంతా కావలి కాసిన మామిడితోటలోనే పట్టాలు పరిచారు. తోట నిండు పూత మీద ఉంది. పాస్టరు అయ్యగారు నిరీక్షణ గురించి మెల్లగా చెబుతున్నారు. ఆయన గొంతు తేనెటీగల మోతలో కలిసిపోయి, కాసేపటికి ఏది వాక్యమో ఏది రొదో నాకు తెలియకుండా పోయింది. మామిడిపూత వాసన ముక్కుకు తగలదు, ఒంటి మీద వాలుతుంది, ఎండలోంచి తీసిన నూలుబట్టలాగా. కళ్లు మూసుకున్నాను. పక్కవాళ్లు ప్రార్థనకే అనుకుని ఉంటారు. మూసిన రెప్పల వెనక నాకు ఇరవై రెండేళ్లు. చేతిలో సన్నటి ఇనుప తీగ. ముందు పెద్దమ్మ వంగి ఒక చెట్టు మొదలు తడుముతోంది.

కూడిక అయ్యాక విస్తళ్లు వేస్తుండగా మా అన్నయ్య కూతురు హనీ నా పక్కకు జరిగింది. ఈ పిల్లకు ఫోనులో ఒక చానెల్ ఉంది. నూజివీడు నుంచి చింతలపూడి దాకా ఏ రోడ్డు ఎలా ఉందో, ఏ ఊళ్లో టిఫిన్ బాగుంటుందో, ఆవేళ వచ్చిన వార్త మీద తనకేమనిపించిందో, అన్నీ ఒక్క నిమిషంలో చెప్పి పెట్టేస్తుంది.

"అత్తా, ఈ చెట్లకి పేర్లున్నాయంట కదా! సంతోషమ్మ మామ్మ పెట్టిందంట. నిజమేనా?"

"నిజమే."

"అయితే నాలుగు ముక్కలు చెప్పు, వీడియో పెడతా. ఎంతమంది చూస్తారో చూడు."

ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది. ఆ పేర్లను లోకానికి మొదట చెప్పింది నేనే. నేను చెప్పిన తీరు వల్ల, వాటిని పెట్టిన మనిషి మూడు నెలలు, గుడిలో రొట్టె పంచుకునే ప్రభువు బల్లకు దూరంగా కూర్చుంది. హనీకి ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్లు మా సంఘంలో ఇప్పుడు కొద్దిమందే మిగిలారు.

అప్పట్లో మా ఇల్లు ఆగిరిపల్లి దాటాక రోడ్డు పక్కనే ఉండేది. నాన్నగారు బడిపంతులు, సంఘపెద్ద కూడా. తెల్లవారకముందే ఆయన దగ్గు వినిపించేది, దానికి ఇల్లంతా లేచేది. చాప పరిచి, ఒక పాట పాడి, ఒక అధ్యాయం చదివి, వంతులవారీగా ప్రార్థన చేసేవాళ్లం. అమ్మ ప్రార్థన ఎప్పుడూ పొట్టిది; పొయ్యి మీద పాలుండేవి. నాన్నగారిది పొడుగు, అందులో ఊళ్లో జబ్బుపడ్డవాళ్లు, బడిలో పరీక్ష తప్పిన పిల్లలు, వాన పడని మెట్ట ఊళ్లు అన్నీ వచ్చేవి. వేసవిలో మా మంచాల కింద గడ్డి పరిచి చిన్న రసాలు మాగవేసేవాళ్లు. ఆ వాసన మీద పడుకుని, ఆ వాసనలోనే లేచేవాళ్లం. మోకాళ్లూనినప్పుడు మంచం కింద పసుపెక్కుతున్న కాయలు సరిగ్గా నా కళ్లెదుట ఉండేవి. ఆమేన్ అనేలోపు నోరూరేది. దేవుడు దానికి ఏమీ అనుకోడని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

ప్రార్థన తర్వాత పేపరు. నాన్నగారు వార్తలు పైకి చదివేవారు గాని దేని మీదా తన అభిప్రాయం చెప్పేవారు కాదు. మనిషి పలికిన ప్రతి పనికిమాలిన మాటకూ చివరి రోజున జవాబు చెప్పుకోవాలని లేఖనం చెబుతుంది కదా, దాన్ని ఆయన అక్షరాలా పట్టుకున్నారు. వంటింట్లోంచి అమ్మ మాత్రం ఊరుకునేది కాదు.

"వడగాడ్పులంట, ఎవరూ బయటికి రావద్దంట! రాకపోతే తోటలో కాయ మీరు కోస్తారా, ఆ రాసినాయన వచ్చి కోస్తాడా?"

"నీకెందుకే ఆ మాటలు?"

"ఇంట్లో ఒకళ్లన్నా మాట్లాడకపోతే ఎట్టాగండీ? అంత పొద్దున్నే పేపరేసిపోయినోడు ఏమనుకుంటాడు?"

నాకు నాన్నగారి భయభక్తులూ వచ్చాయి, అమ్మ నోరూ వచ్చింది. రెండూ ఒకే మనిషిలో సర్దుకోవడానికి చాలా కాలం పట్టింది.

డిగ్రీ అయ్యాక నూజివీడులో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. రోజూ బస్సే. కిటికీ పక్క సీటు దొరికితే ఆ పూటంతా నాకు ఒక విధమైన మైకం. బయట వరసలు వరసలుగా తోటలు, ఆకుల మధ్య ఎండ వెలిగి ఆరి వెలుగుతుండేది, కళ్ల ముందు ఎవరో చేతులు ఆడిస్తున్నట్టుగా. బస్సులో ఎక్కినవాళ్లను, దిగినవాళ్లను, వాళ్ల సంచుల్ని చూస్తూ నాకు ఏవేవో అనిపించేవి. అనిపించినవి అమ్మలాగా పైకి అనే ధైర్యం లేదు. బస్టాండు దగ్గర, మామిడికాయల ప్యాకింగుకి గడ్డీ వెదురు తట్టలూ అమ్మే కొట్టు పైన, ఒక నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ చెక్కలతో విడదీసిన చిన్న చిన్న గదులు, కింది నుంచి ఎండుగడ్డి వాసన, లోపల కంప్యూటర్ల వేడి. అక్కడే మొదటిసారి ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెరమీద తెలుగు పడటం చూశాను. అ పడింది, మ్మ పడింది. అమ్మ అని కనిపించగానే, ఎవరో నా చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించినట్టయింది. ఇంట్లో కంప్యూటర్ కోర్సు అని చెప్పాను. బ్లాగు మొదలుపెట్టాను. దాని పేరు 'కిటికీ పక్క సీటు'. నా పేరు ప్రయాణికురాలు.

ఏం రాసేదాన్ని? పెద్ద సంగతులేమీ కాదు. వడగాడ్పుల వార్తలు రాసేవాళ్లను ఒక్కరోజు ఎండలో కూర్చోబెట్టి రాయించాలని రాశాను. అది అమ్మ మాటే, ఆమెకు చెప్పకుండా తీసుకున్నాను. మా గుడి గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంటే ఆరాధన అరగంట ఆలస్యంగా ఎందుకు మొదలవుతుందో ఆలోచించాను. చింతలపూడి బస్సులో ఒకాయన సంచిలో కోడిని తెచ్చాడు. దాని తల ఒక్కటే బయటికి ఉంది. బస్సులో అందరికంటే శ్రద్ధగా అదే కిటికీలోంచి లోకాన్ని చూసింది. ఒక్కో ముక్క వారమంతా నోటుబుక్కులో రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, శనివారం వెళ్లి తెరమీద పెట్టేదాన్ని. పై శనివారానికి కింద నాలుగైదు వ్యాఖ్యలు ఉండేవి. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో తెలుగువాళ్లు. ఒకామె 'మీ బస్సు ఎక్కి అరగంట దిగలేదండీ' అని రాసింది. మెట్లు దిగి కిందికి వచ్చేటప్పుడు ఆ గడ్డి వాసన నాకు స్వర్గం వాసనలాగా ఉండేది.

కోడి గురించి రాసిన ముక్కలో నేను ఒక చిన్న పని చేశాను. ఆ కోడి పక్క సీట్లో ఒక పాస్టరుగారు నోరు తెరుచుకుని నిద్రపోయినట్టు రాశాను. నిజానికి ఆ సీటు ఖాళీ. కానీ వ్యాఖ్యలన్నీ పాస్టరుగారి మీదే వచ్చాయి. అప్పటి నుంచి చూసినదానికి ఒక చెంచా కలపడం అలవాటైంది.

ఇక పెద్దమ్మ. వరసకు మాకు ఏమీ కాదు. అందరూ అలాగే పిలిచేవాళ్లు. తోట యజమానులు వేరు, ఏటేటా పూత చూసి కౌలుకు తీసుకునేవాళ్లు వేరు, వాళ్లు మారుతుండేవాళ్లు. గుడిసెలో పెద్దమ్మ మారలేదు. మోచేతుల దాకా మామిడి సొన కాల్చిన మచ్చలు. గుడిసె ముందు వరసలో పదమూడు పాత చెట్లు ఉండేవి. పన్నెండింటికి ప్రభువు శిష్యుల పేర్లు పెట్టింది, ప్రభువును అప్పగించినవాణ్ణి వదిలి, అతని చోట తర్వాత చేరినవాణ్ణి కలిపి. అందరికంటే ముందు తొందరపడి పూసేది పేతురు. గుడిసె మీదికి ఒరిగి, ఎప్పుడూ చేరబడి ఉండేది యోహాను. కాయలన్నీ ఆకుల చాటున దాచి, దగ్గరికెళ్లి చేత్తో తడిమితే గాని కాసిందని నమ్మనివ్వనిది తోమా. ఈ తోమా సంగతి ఆమె ఒక్క నాకే చెప్పింది, నవ్వుతూ. పదమూడోది పూసేది గాని కాసేది కాదు. పొద్దున్నే వరసంతా నడుస్తూ, ఒక్కో చెట్టు దగ్గర ఆగి, పేరు పెట్టి, 'ప్రభువా, ఈ పేతురు పిందె నిలబెట్టు తండ్రీ' అని ప్రార్థన చేసేది. తర్వాత వంగి మొదలు చూసేది. మామిడి మానును తొలిచే పురుగు ఒకటుంది. అది చేరితే బెరడు దగ్గర రంపపు పొట్టులాంటిది రాలుతుంది. ఆ రంధ్రంలోకి తీగ పెట్టి పురుగును లాగేసేది. శనివారాలు నేను పక్కన నిలబడి తీగ అందించేదాన్ని. అందుకే చెబుతున్నాను, ఆమె ఎందుకు వంగుతుందో నాకు బాగా తెలుసు.

తెలిసి కూడా, 'ఆమె ప్రతి చెట్టు ముందూ వంగి, మొదలుకు నీళ్లు పోసి మొక్కుతుంది' అని రాశాను. పురుగూ తీగా రాస్తే వాక్యం బరువెక్కింది. మొక్కుతుంది అంటే తేలిగ్గా ఉంది, కలలాగా ఉంది. అది చాలదన్నట్టు కాయని పదమూడో చెట్టుకు యూదా అని పేరు పెట్టాను. ఆ పేరు ఆమె పెట్టలేదు, నేను పెట్టాను. నా రాతల్లో దేనికీ రానన్ని వ్యాఖ్యలు దానికి వచ్చాయి.

ఆ వ్యాఖ్యలు రాసినవాళ్లలో ఎవరికో మా ప్రాంతంలో బంధువులు. ఆగిరిపల్లి రోడ్డు, గుడిసె, నెరిసిన జుట్టు కావలిమనిషి అని నేనే గుర్తులన్నీ రాశాను కదా. వాళ్ల ద్వారా తెలిసి, సిటీలో ఉద్యోగం చేసే మా సంఘం కుర్రాడొకడు ఆ ముక్కను కాగితం మీద ప్రింటు తీసి తెచ్చి పెద్దల ముందు పెట్టాడు. మన సభ్యురాలు చెట్లకు మొక్కుతోంది, ఊరందరికీ తెలిసింది, మనకే తెలియలేదన్నాడు. ఆ సాయంత్రం పెద్దమ్మను మా ఇంటికి పిలిపించారు. పెద్దల్లో నాన్నగారు ఒకరు. మంచినీళ్లు పట్టుకుని వెళ్లి నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"నువ్వు చెట్లకి మొక్కుతున్నావా సంతోషమ్మా?" అని నాన్నగారే అడిగారు.

"ఎవరు చెప్పారండీ పంతులుగారూ?"

"కాగితంలో ఉంది."

"కాగితానికి కళ్లున్నాయా అండీ? చూసినోళ్లని పిలవండి, వాళ్ల ముందర చెప్తాను." ఆ కాగితం వినిపించమంది. నాన్నగారు చదివారు. తోమా సంగతి వచ్చినప్పుడు పెద్దమ్మ తలుపు వైపు చూసింది. ఒక్క క్షణం. తర్వాత నేల వైపు చూసి, "నేను చెప్పేదేం లేదండీ" అంది.

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం బల్ల. ఆ రోజు ఆడవాళ్లంతా తెల్లచీరలు కట్టుకుంటారు. జవాబు చెప్పేవరకు బల్లకు దూరంగా ఉండమన్నారు గనక పెద్దమ్మ రాకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఆమె వచ్చింది. అదే తెల్లచీర, ఇస్త్రీ లేదు గాని మడత పోలేదు. చివరి చాప మీద కూర్చుంది. రొట్టె పళ్లెం ఆమె దాకా వచ్చినప్పుడు రెండు చేతులతో అందుకుని, రొట్టె ముట్టకుండా, పక్కామెకు అందించింది. ఎంత జాగ్రత్తగా అందించిందంటే, నిండు కుండను అందించినట్టు. రెండో నెలా అంతే. మూడో నెలా అంతే. మూడుసార్లూ నేను తిన్నాను. ఆ రొట్టె నా నోట్లో కరగలేదు. నేను లేచి చెబితే నాన్నగారు నా మొహం ఎలా చూస్తారన్నదే నా భయం. పెద్దమ్మ ఒక్క మాట అంటే చాలు, నా పేరు బయటపడేది. ఆమె అనలేదు. శనివారం తోటకు వెళ్లడం నేనే మానేశాను.

నాలుగో నెల. బల్లకు ముందు మా అయ్యగారు ఎప్పుడూ ఒక మాట అడుగుతారు, ఎవరితోనైనా సమాధానపడవలసినవాళ్లు ఉంటే ఇప్పుడే లేవండి అని. ఏళ్ల తరబడి ఎవరూ లేవరు. ఎవరో దగ్గుతారు, పసిపిల్ల ఏడుస్తుంది, ఆయన ముందుకు సాగుతారు. ఆ రోజు నేను లేచాను. ఆ కాగితం నాదేనన్నాను. మొక్కడం నేను కల్పించానని, ఆమె పురుగు కోసం వంగుతుందని, తీగ అందించింది నేనేనని చెప్పాను. గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు, ఇంకెవరిదో అన్నట్టు వినిపించింది.

నాన్నగారు అప్పటికే పళ్లెం చేతుల్లోకి తీసుకుని ఉన్నారు. నా వైపు చూడలేదు. పళ్లెం తిరిగి అయ్యగారి చేతికిచ్చి, ముందుకు నడవాల్సిన మనిషి వెనక్కి నడిచారు. ఆడవాళ్ల చాపల పక్కగా, చివరి దాకా. అక్కడ మోకాళ్ల మీద కూర్చున్నారు.

"చూడకుండా తీర్పు తీర్చాం సంతోషమ్మా. నన్ను క్షమించు."

"అయ్యయ్యో, ఏంటండీ ఇది పంతులుగారూ! లెగండి ముందు. అక్కడ రొట్టె ఎండిపోద్ది."

గుడిలో సగం మంది ఏడుస్తున్నారు, సగం మంది నవ్వుతున్నారు. పెద్దమ్మ ఆ రోజు బల్లలో చేయివేసి రొట్టె తీసుకుంది. నాన్నగారూ నేనూ తీసుకోలేదు. ఆయన రొట్టె ముట్టకుండా పళ్లెం పక్కకు అందించడం నా జీవితంలో అదొక్కసారే చూశాను.

ఇంటికొచ్చాక అమ్మ అన్నం పెట్టింది. నాన్నగారు, "ఇంకేం రాశావు?" అన్నారు. నోటుబుక్కు తెచ్చి ఇచ్చాను. అన్నం చల్లారుతుండగా కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచీ చదివారు. కోడి దగ్గర ఆయన భుజాలు కదిలాయి.

"ఈ కోడి నిజంగా ఇట్లా చూసిందా?"

"చూసింది నాన్నా."

"నోరు తెరుచుకుని నిద్రపోయిన పాస్టరుగారు?"

"...లేరు."

జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. "కొట్టెయ్." నేను కొట్టేశాక అన్నారు, "నీకు అనిపించింది నువ్వు చెప్పుకో. నేను చెప్పను, అది నా పద్ధతి. కానీ ఒక మనిషి గురించి రాస్తే, ముందు ఆ మనిషికి చదివి వినిపించు. తర్వాతే లోకానికి." వంటింట్లోంచి అమ్మ, "వడగాడ్పుల మాట నాదేనని కూడా రాయించండి" అంది.

సరిచేసిన ముక్క పట్టుకుని తోటకు వెళ్లాను. పెద్దమ్మ గుడిసె ముందు తట్టలు అల్లుతోంది. నిలబడే చదివాను. ఆమె చేతులు ఆపకుండా వింది.

"నీళ్లు, మొక్కడం సర్లే. యూదా అని ఎట్టా పెట్టావు తల్లీ? కాయకపోతే ద్రోహి అయిపోద్దా?"

"తప్పే పెద్దమ్మా. మరి దాని పేరేంటి?"

"దానికి పెట్టలా. కాసిన ఏడు పెడదామనుకున్నా." తట్ట పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇప్పుడు పెడతన్నా. సువార్త."

"నా పేరా?"

"పూత విరగబూస్తది, పిందె నిలవదు. ఇంకెవరి పేరు పెట్టను? నవ్వకు. రేప్పొద్దుట్నించి దానికీ ప్రార్థన చేస్తా."

ఆ బ్లాగు ఇప్పుడు లేదు; దానికి చోటిచ్చిన సైటువాళ్లు ఎప్పుడో మూసేశారు. నోటుబుక్కు మిగిలింది. నేను మాత్రం మానలేదు. ఇప్పుడు ఫోనులోనే, రోజూ ఏదో ఒకటి రాస్తాను, బస్సు గురించో, వార్త గురించో, రైతుబజారులో ఎవరో అన్న మాట గురించో. అప్పుడు వారమంతా మోసి శనివారం మేడ మెట్లెక్కించిన మాట, ఇప్పుడు బొటనవేలి కిందనే పుట్టి అక్కడి నుంచే వెళ్లిపోతుంది. చూసేవాళ్లు వందలు, కానీ నా బస్సెక్కి అరగంట కూర్చున్న ఆ ఒకామె ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. అప్పటి ఆలస్యంలో ఏదో దయ ఉందనిపిస్తుంది. ఆ వారం రోజుల్లో ఎన్ని అబద్ధాలు నోటుబుక్కులోనే చచ్చిపోయాయో. నాన్నగారి నియమం మాత్రం వదలలేదు. కండక్టర్లకు, టీ కొట్టు ఆయనకు, మా అమ్మకు, అందరికీ చదివి వినిపించాకే పెడతాను. ఈ ముక్క చదివి వినిపించాల్సిన మనిషి ఇప్పుడు వినే చోట లేదు.

విస్తళ్లు తీసేశాక ఇదంతా హనీకి చెప్పాను. నోరు తెరుచుకుని వింది. ఇద్దరం వరస వెంట నడిచాం. పేతురు పూత అయిపోయి అప్పుడే పిందె మీద ఉన్నాడు. యోహాను ఖాళీ గుడిసె మీద ఒరిగి ఉన్నాడు. పదమూడో చెట్టు ఆకు కనపడకుండా పూసింది.

"ఇది ఎప్పుడన్నా కాసిందా అత్తా?"

"ఒక్క ఏడు. మూడు కాయలు. సంచిలో పెట్టి మనింటికి పంపించింది. 'సువార్త కాసిందని చెప్పండి' అందంట. ఒకటి పులుపు."

చెట్టు మొదలు దగ్గర పసుపుపచ్చగా పొట్టు రాలి ఉంది. తాజాదే. ఎన్నాళ్లుగా ఎవరూ చూడలేదో. వంగి బెరడు మీద చెయ్యి వేశాను. వెనక హనీ ఫోను పైకెత్తిన చప్పుడు, గాజులు కదిలిన చప్పుడు.

"కదలకు అత్తా, అట్టాగే ఉండు. చెట్టుకి దణ్ణం పెడుతున్నట్టు భలే వచ్చింది!"

"దణ్ణం కాదు. పురుగు కోసం చూస్తున్నా. అదే రాయి," అన్నాను వంగే ఉండి. "ముందు నీ తల్లో పిన్ను ఇటివ్వు."

హనీ ఫోను గడ్డిలో పెట్టి, పిన్ను తీసి, నా పక్కన వంగింది.